ఆఫీసు మెయిల్‌ను సొంత పనులకు ఎంతవరకు వాడుకోవచ్చు? ఉద్యోగం మారేముందు ఏం తీసుకెళ్లొచ్చు, ఏం కూడదు?

మీరు అడిగింది ఇదీ: ఏడాది క్రితం గచ్చిబౌలిలో ఒక ఐటీ సర్వీసుల కంపెనీలో చేరారు. చెల్లెలి పెళ్లి శుభలేఖను ఆఫీసు మెయిల్ నుంచి ఫ్లోర్ మొత్తానికి పంపితే హెచ్‌ఆర్ నుంచి హెచ్చరిక వచ్చింది. సొంత పనికి అసలు వాడనే కూడదా? మన మెయిల్స్ కంపెనీవాళ్లు చదువుతారా? త్వరలో ఉద్యోగం మారాలనుకుంటున్నారు కాబట్టి, మీరు రాసిన కోడ్, మీరు తయారుచేసిన టెంప్లేట్లు జీమెయిల్‌కు పంపుకోవచ్చా?

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. చిన్నాచితకా సొంత పనులకు వాడితే దాదాపు ఏ కంపెనీ పట్టించుకోదు. శుభలేఖ వల్ల మీ ఉద్యోగానికి ముప్పేమీ రాదు, టెన్షన్ పడకండి. మెయిల్స్ చదవగలరు, కారణం దొరికితే చదువుతారు కూడా. ఇక మూడోదానికి: పంపుకోకండి. ఒక్క ఫైలు కూడా వద్దు. మీరు చివర్లో మాటవరసకు అడిగినట్టు అడిగిన ఈ ప్రశ్నే మిగతా రెండింటికన్నా చాలా పెద్దది.

నేను హైదరాబాద్‌లో మెయిల్ సర్వర్లు చూసే అడ్మిన్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు కంప్లయన్స్ (నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే) టీమ్‌లో పనిచేస్తున్నాను. మెయిల్ కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్న పిల్లలను దగ్గరగా చూశాను. వాళ్లలో శుభలేఖ పంపినవాళ్లు ఒక్కరూ లేరు. దాదాపు అందరూ ఫైళ్లు బయటికి పంపుకున్నవాళ్లే, అందులోనూ ఎక్కువమందికి చెడు ఉద్దేశమేమీ లేదు. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను.

ముందు శుభలేఖ సంగతి

పెళ్లికి పిలవడం తప్పని ఎవరూ అనరు. అభ్యంతరం డిస్ట్రిబ్యూషన్ లిస్టు వాడడం మీద. ఫ్లోర్ లిస్టు, డిపార్ట్‌మెంట్ లిస్టు లాంటివి పని సమాచారం కోసం పెట్టినవి. ఒక్క మెయిల్ మూడు వందల మందికి వెళ్తే, అందులో పదిమంది "కంగ్రాట్స్" అని రిప్లై ఆల్ కొడితే, ఆ ప్రతి జవాబూ మళ్లీ మూడు వందల మందికి చేరుతుంది. 2016 నవంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఒక టెస్ట్ మెయిల్ పొరపాటున లక్షల మంది ఉద్యోగులకు వెళ్లింది. "నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి" అంటూ జనం రిప్లై ఆల్ కొట్టడంతో అక్కడి మెయిల్ వ్యవస్థ ఆ రోజు బాగా నెమ్మదించిపోయింది. మీ హెచ్‌ఆర్ భయపడేది ఇలాంటిదానికే.

రెండో కారణం కూడా ఉంది. దాన్ని హెచ్‌ఆర్ వాళ్లు పైకి చెప్పరు. మీ శుభలేఖను వదిలేస్తే రేపు ఇంకొకరు షాద్‌నగర్ వెంచర్‌లో ప్లాట్ల బ్రోచర్ పంపుతారు, ఇంకొకరు చిట్టీలో ఖాళీ ఉందని రాస్తారు, కార్తీకమాసం రాగానే ఫలానా కులం వాళ్ల వనభోజనాలకు రమ్మని మెయిల్ వస్తుంది. ఇవన్నీ నేను చూసినవే. వనభోజనాల మెయిల్‌తో వచ్చిన గొడవ నాకు బాగా గుర్తుంది. పంపినాయన ఒక టీమ్ లీడ్. పేరు చివరి మాటను బట్టి తమవాళ్లనుకున్నవాళ్లందరినీ "టు"లో పెట్టి, ఒక్కొక్కరి పేరూ అందరికీ కనిపించేలా పంపేశాడు. తన కులం ఆఫీసులో ఎవరికీ తెలియకూడదనుకున్న ఒక అమ్మాయి పేరు అందులో ఉంది. పేరు లేనివాళ్లు "మా అప్రైజల్ ఈయన చేతిలోనే ఉంది కదా" అని లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఒక్క మెయిల్‌తో టీమ్ రెండుగా చీలిపోయింది. అందుకే కులం, మతం, రాజకీయాలు, చందాలు, అమ్మకాలు, ఈ అయిదింటినీ చాలా కంపెనీల పాలసీలు నిషేధిస్తాయి. నిషేధించాలి కూడా.

శుభలేఖ పంపాలంటే మీకు నిజంగా పరిచయమున్నవాళ్లకు వాట్సాప్‌లో పంపండి, లేదా దగ్గరికి వెళ్లి పిలవండి. కొన్ని ఆఫీసుల్లో ఇలాంటివాటికి వేరే చానల్ ఉంటుంది, అక్కడ పెట్టండి. అందరినీ పిలవాల్సిందే అనుకుంటే హెచ్‌ఆర్‌నే పంపమని అడగండి, చాలామంది సంతోషంగా పంపుతారు.

ఏది పర్వాలేదు?

"ఇవాళ షిఫ్ట్ ఆలస్యమవుతుంది" అని ఇంట్లో వాళ్లకు ఒక లైను, పిల్లల స్కూలుకు సెలవు కబురు, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఖాయం చేసుకోవడం, పీజీ ఓనర్‌కు అడ్రస్ ప్రూఫ్ పంపడం. ఇలాంటివాటిని పాలసీలు "పరిమిత వ్యక్తిగత వినియోగం" కింద ఒప్పుకుంటాయి. నేను చెప్పే కొలత ఒకటే: ఆ మెయిల్‌ను రేపు మీ మేనేజర్ మీ పక్కన కూర్చుని చదివితే మీకు ఇబ్బంది అనిపించకూడదు. అనిపించేదైతే దాని చోటు మీ సొంత ఫోన్, మీ సొంత మెయిల్.

జోకుల గురించి ఒక మాట. ఆడవాళ్ల మీద వెకిలి జోకులు, అసభ్యమైన ఫొటోలు "మగవాళ్ల గ్రూపే కదా" అని ఆఫీసు మెయిల్లో తిప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద లైంగిక అర్థం వచ్చే వ్యాఖ్యలూ వేధింపే, అశ్లీలం చూపించడమూ వేధింపే. నోటి మాటకైతే సాక్షులను వెతకాలి. మెయిల్ తానే సాక్ష్యం. ఇలాంటి కేసుల్లో వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ముందు "ఫార్వర్డ్ మాత్రమే చేశాను" అన్న వాదన నిలవగా నేను చూడలేదు.

మీ మెయిల్ మీద ఉన్న కంపెనీ పేరు

ఇది చాలామందికి తట్టని విషయం. మీ అడ్రస్‌లో మీ పేరు తర్వాత వచ్చేది కంపెనీ పేరు. అక్కడినుంచి వెళ్లే ప్రతి మాటా కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర కొట్టిన ఉత్తరం లాంటిది. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు, సంతకాలతో ఒప్పంద పత్రం లేకపోయినా మెయిల్స్‌లో ప్రతిపాదన, అంగీకారం స్పష్టంగా ఉంటే ఒప్పందం కుదిరినట్టే అని చెప్పింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిగినంత మాత్రాన ఒప్పందం చెల్లదనడానికి వీల్లేదని ఐటీ చట్టంలోని 10ఏ సెక్షన్ కూడా చెబుతోంది. నేను పనిచేసిన ఒకచోట కొనుగోళ్ల విభాగంలో ఒక కుర్రాడు సప్లయర్‌కు "ఓకే సార్, ప్రొసీడ్" అని ఫోన్ నుంచి జవాబిచ్చాడు. అతని ఉద్దేశం కొటేషన్ మీద ముందుకు పోదామని. అవతలివాళ్లు మెటీరియల్ తయారీ మొదలుపెట్టేశారు. కంపెనీ చివరికి కొంత డబ్బు కట్టుకుని బయటపడింది. ఆర్డర్ ఖాయం చేసే అధికారం మీకు లేకపోతే ఆ సంగతి మెయిల్లోనే రాయండి: "మేనేజర్ ఆమోదం వచ్చాక పీఓ (పర్చేజ్ ఆర్డర్) పంపుతాం, అప్పటిదాకా ఇది ఆర్డర్ కాదు" అని.

మెయిల్స్ చదువుతారా?

ఎవరో ఒకాయన గదిలో కూర్చుని అందరి మెయిల్స్ చదువుతూ ఉంటాడనుకోకండి. అంత తీరిక ఎవరికీ లేదు. జరిగేది వేరు.

మొదటిది లాగ్. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఏ సబ్జెక్ట్‌తో పంపారన్నది సర్వర్‌లో నమోదవుతుంది. చాలా ఆఫీసులు మెయిల్ కోసం వాడే మైక్రోసాఫ్ట్ 365లో ఈ జాడను 90 రోజుల వెనక్కి వెళ్లి చూడొచ్చు. లోపలి విషయం చదవకుండానే "ఈయన నిన్న రాత్రి పదకొండుకు తన జీమెయిల్‌కు పెద్ద పెద్ద అటాచ్‌మెంట్లతో వరసగా మెయిల్స్ పంపాడు" అని దీంతోనే తెలిసిపోతుంది.

రెండోది డీఎల్‌పీ, అంటే సమాచారం బయటికి పోకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్. ఆధార్ నంబర్, పాన్, కార్డ్ నంబర్ల ఆకారాన్ని గుర్తుపడుతుంది. "కాన్ఫిడెన్షియల్" అని ముద్ర ఉన్న ఫైలును పట్టుకుంటుంది. దొరకగానే మెయిల్‌ను ఆపేస్తుంది, లేదా వెళ్లనిచ్చి మాకు ఒక టికెట్ (చూడమని ఒక నమోదు) తెరుస్తుంది. వెళ్లనిచ్చిందంటే ఎవరూ చూడలేదని అర్థం కాదు.

మూడోది, కారణం ఉన్నప్పుడు మెయిల్‌బాక్స్ తెరవడం. ఫిర్యాదు, మోసం అనుమానం, కోర్టు కేసు, క్లయింట్ ఆడిట్, ఇవీ కారణాలు. మా దగ్గర దీనికి హెచ్‌ఆర్ హెడ్, లీగల్ హెడ్ ఇద్దరి రాతపూర్వక అనుమతి కావాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పదాలతో వెతకాలో ఆ అనుమతిలోనే ఉంటుంది. దానికి మించి చూస్తే అడ్మిన్ మీదే చర్య. ఎవరు వెతికారన్నది కూడా లాగ్‌లో పడుతుంది. అన్ని కంపెనీలూ ఇంత పద్ధతిగా ఉంటాయని చెప్పను. చిన్న కంపెనీల్లో ఓనర్ నోటిమాటగా చెప్పగానే తెరిచేసేవాళ్లున్నారు. అది తప్పు, కానీ జరుగుతోంది. మీరు జాగ్రత్తగా ఉండడానికి అదీ ఒక కారణమే.

డిలీట్ చేస్తే పోతుందనుకోకండి. మైక్రోసాఫ్ట్ 365లో ట్రాష్‌లోంచి కూడా తీసేసిన మెయిల్ మామూలు సెట్టింగ్‌లో 14 రోజులు తెరవెనక ఉంటుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో శాశ్వతంగా తీసేశాక కూడా అడ్మిన్‌కు 25 రోజుల గడువు ఉంటుంది. మెయిల్‌బాక్స్‌ను లీగల్ హోల్డ్‌లో, అంటే కేసు కోసం ఏదీ చెరిగిపోకుండా ఆపి ఉంచే ఏర్పాటులో, పెట్టారంటే మీరు ఎన్నిసార్లు డిలీట్ కొట్టినా ఒక కాపీ అలాగే మిగులుతుంది. విచారణ మొదలయ్యాక డిలీట్ చేయడం అసలు తప్పుకన్నా పెద్ద తప్పుగా కనిపిస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

అమెరికాలో ఎన్రాన్ కంపెనీ 2001లో దివాలా తీశాక అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ దర్యాప్తు జరిపి, 2003లో సుమారు 150 మంది ఉద్యోగుల మెయిల్స్‌ను లక్షల సంఖ్యలో బహిరంగంగా పెట్టేసింది. మోసంతో ఏ సంబంధమూ లేని ఇంటి విషయాలు, సొంత వివరాలు కూడా వాటితో పాటే బయటపడ్డాయి. కొందరు మొత్తుకుంటే కొన్నిటిని తీసేశారు. మిగతావాటి మీద ప్రపంచమంతటా విద్యార్థులు, పరిశోధకులు ఇప్పటికీ పనిచేస్తున్నారు. తప్పు చేయనివాడి మెయిల్ కూడా పక్కవాడి తప్పు వల్ల నలుగురి కంటపడొచ్చు.

చట్టం ఏమంటుంది?

ఉద్యోగుల మెయిల్స్ చూడడానికే ప్రత్యేకంగా ఒక చట్టం మన దేశంలో లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అయితే ప్రైవేటు కంపెనీకీ మీకూ మధ్య నడిచేది ప్రధానంగా మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన పాలసీ. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో 7వ సెక్షన్ కూడా ఉద్యోగ అవసరాలకు, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడానికి ఉద్యోగి డేటాను వాడుకునే వీలు ఇచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. కాబట్టి "నా అనుమతి లేకుండా ఎలా చూస్తారు?" అన్న వాదన ఆఫీసు మెయిల్ విషయంలో బలమైనది కాదు.

యూరప్‌లో పరిస్థితి కొంత వేరు. రొమేనియాలో బర్బులెస్కు అనే ఉద్యోగి, పని కోసం తెరిచిన యాహూ మెసెంజర్‌లో సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడాడని కంపెనీ తీసేసింది. 2017లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం అతని పక్షాన తీర్పిచ్చింది. నిఘా ఉంటుందని, ఎంతవరకు ఉంటుందని ముందే చెప్పాలి, అవసరానికి మించి చూడకూడదు అన్నది దాని సారం. మనకు ఆ తీర్పు వర్తించదు. కానీ జర్మనీలో, ఐర్లండ్‌లో పనిచేస్తున్న మనవాళ్లు తెలుసుకోవాల్సిందే. మన కంపెనీలు కూడా ఆ పద్ధతి పాటిస్తే ఉద్యోగులకు నమ్మకం పెరుగుతుందని నా గట్టి అభిప్రాయం.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక ముఖ్యమైన జాగ్రత్త. హెచ్‌1బీ గొడవలో, జీతం బకాయిల్లో లాయర్‌తో మాట్లాడాలంటే ఆఫీసు మెయిల్ అస్సలు వాడకండి. 2010లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, ఒక ఉద్యోగిని ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే అయినా తన సొంత యాహూ ఖాతా నుంచి లాయర్‌కు రాసిన మెయిల్స్ గోప్యమేనని చెప్పింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియా అప్పీలు కోర్టు, కంపెనీ మెయిల్ ఖాతా నుంచే లాయర్‌కు రాసిన ఇంకో ఉద్యోగినికి ఆ రక్షణ లేదంది. తేడా వచ్చింది ఖాతా దగ్గరే.

ఇది చదివేవాళ్లలో ప్రభుత్వ ఉద్యోగులుంటే మీకింకో విషయం. సమాచార హక్కు చట్టం 2(ఎఫ్) సెక్షన్‌లో "సమాచారం" అన్న నిర్వచనంలోనే ఈమెయిల్స్ ఉన్నాయి. మీ అధికారిక మెయిల్‌ను రేపు ఎవరైనా పదిరూపాయల దరఖాస్తుతో అడగొచ్చు. ఆఫీసు పనికి సొంత జీమెయిల్ వాడడం ఇంకా చెడ్డ అలవాటు. మీరు బదిలీ అయితే ఆ ఫైలు చరిత్ర మీతో పాటే వెళ్లిపోతుంది.

అసలు ప్రమాదం: ఫైళ్లు జీమెయిల్‌కు పంపుకోవడం

"నేను రాసిన కోడే కదా, నాదే కదా" అని మీరు రాశారు. మీ బాధ అర్థమవుతుంది. రాత్రుళ్లు కూర్చుని రాసింది మీరే. కానీ కాపీరైట్ చట్టం 1957, 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే. సర్వీసుల కంపెనీ అయితే అది క్లయింట్‌ది కూడా అయివుంటుంది. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని డేటాను కాపీ చేసుకోవడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశం తోడైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. చాలా కంపెనీలు పోలీసుల దాకా వెళ్లవు. వెళ్లకపోయినా మీకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

ఎలా అంటే, రిజిగ్నేషన్ పెట్టగానే చాలాచోట్ల ఆ పేరు ఒక ప్రత్యేక జాబితాలోకి వెళుతుంది. నోటీసు పీరియడ్‌లో బయటికి వెళ్లే మెయిల్స్, పెన్‌డ్రైవ్ వాడకం, డ్రైవ్ షేరింగులను మామూలుకన్నా జాగ్రత్తగా గమనిస్తారు. అంతేకాదు, రిజైన్ చేయడానికి ముందు రోజులను కూడా వెనక్కి వెళ్లి చూస్తారు. "నోటీసు ఇవ్వకముందే పంపేసుకుంటే సరి" అనుకునేవాళ్లు దొరికేది ఇక్కడే.

ఒక అబ్బాయి కేసు చెబుతాను, వివరాలు కొన్ని మార్చి. మంచి పనివాడు, విజయవాడ దగ్గర ఒక ఊరి నుంచి వచ్చాడు. కొత్త కంపెనీలో జాయినింగ్ తేదీ కూడా ఖాయమైంది. చివరి శనివారం "రిఫరెన్స్" అని సబ్జెక్ట్ పెట్టి తన జీమెయిల్‌కు మూడు ఎక్సెల్ ఫైళ్లు పంపుకున్నాడు. తన ఫార్ములాల కోసమే పంపుకున్నాడని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ వాటిలో ఒకదానికి వెనక ఒక దాచిన షీట్ ఉంది. అందులో క్లయింట్‌కు గంటకు ఎంత వసూలు చేస్తారన్న రేట్లన్నీ ఉన్నాయి. ఆ షీట్ ఉన్నట్టే అతనికి తెలియదు. సోమవారం పొద్దున్న టికెట్ తెరుచుకుంది. ల్యాప్‌టాప్ తీసుకున్నారు, రిలీవింగ్ లెటర్ ఆపేశారు. లీగల్ టీమ్ ముందు కూర్చుని జీమెయిల్ తెరిచి, వాటిని డిలీట్ చేసి, ఎవరికీ ఇవ్వలేదని స్టాంప్ పేపర్ మీద రాసిచ్చాడు. అప్పటికి కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు రెండుసార్లు అడిగేశారు. ఆ ఆఫర్ పోయింది. వాళ్ల నాన్నగారు ఆఫీసు గేటు దగ్గరికొచ్చి అడిగిన రోజున మాలో ఎవరికీ నోట మాట రాలేదు.

ప్రింట్ కోసం పంపడం కూడా ఇదే కోవలోది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ప్రింటర్ లేక కస్టమర్ కాగితాలను జీమెయిల్‌కు పంపుకుంటారు, అక్కడినుంచి వీధి చివర జిరాక్స్ షాపు మెయిల్‌కు పంపుతారు. ఆ షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎప్పుడైనా చూడండి. ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హాస్పిటల్ రిపోర్టులు నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. కంపెనీ నమ్మి మీ చేతిలో పెట్టిన కస్టమర్ వివరాలు అక్కడ చేరితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరు. ఒప్పందం కింద అందిన వ్యక్తిగత సమాచారాన్ని నష్టం చేయాలనో, జరగవచ్చని తెలిసో బయటపెడితే ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. మీకు ఆ ఉద్దేశం లేదన్నది నిజమే, కానీ దాన్ని నిరూపించుకుంటూ తిరగాల్సిన పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి? ప్రింట్ తప్పనిసరైతే ఆఫీసుకు వెళ్లి తీసుకోండి, లేదా ఐటీవాళ్లను అడగండి.

ఆటో ఫార్వర్డ్ కూడా పెట్టకండి. "సెలవులో ఉన్నప్పుడు ఫోన్లో చూసుకోవచ్చు కదా" అని అన్ని మెయిల్స్ జీమెయిల్‌కు వెళ్లేలా రూల్ పెడతారు. ఖాతాను హ్యాక్ చేసిన దొంగ తరచుగా చేసే పని కూడా సరిగ్గా ఇదే. అందుకే మైక్రోసాఫ్ట్ 365లో బయటికి ఆటో ఫార్వర్డ్ మామూలుగానే ఆపేసి ఉంటుంది, పెట్టబోతే మాకు అలర్ట్ వస్తుంది.

మీవి మీరు తీసుకోండి

ఇటు వైపు నష్టం గురించి ఎవరూ చెప్పరు. ఆఫీసు మెయిల్‌తో సొంత ఖాతాలు తెరిచినవాళ్లు ఎంతమందో! కంపెనీ తెరిపించిన జీతం ఖాతాకు ఆఫీసు మెయిలే ఇచ్చి ఉంటారు. డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్, పీఎఫ్, ఐఆర్‌సీటీసీ, ఆరోగ్య బీమా, చివరికి లింక్‌డిన్ కూడా. ఉద్యోగం ఉన్నన్నాళ్లు బాగానే ఉంటుంది. మెయిల్ మూసుకుపోయిన రోజు నుంచి ఓటీపీ రాదు, పాస్‌వర్డ్ మార్చుకోలేరు.

రిజైన్ చేస్తే కనీసం నోటీసు గడువైనా ఉంటుంది. లేఆఫ్ అయితే అదీ ఉండదు. పొద్దున్నే మీటింగ్ పిలుపు వస్తుంది, మీటింగ్ అయ్యేలోపు మెయిల్ ఆగిపోతుంది. అలా ఆగిపోయిన ఒకామె తన మ్యూచువల్ ఫండ్ డబ్బు తీసుకోవడానికి నాకు ఫోన్ చేశారు. డబ్బు ఆమెదే, అవసరమూ అప్పుడే, ఓటీపీ మాత్రం మూసేసిన మెయిల్‌బాక్స్‌కు పోతోంది. మేం పాత ఉద్యోగి ఖాతా తెరిచి ఇవ్వలేం. ఫారాలు నింపి, కేవైసీ మళ్లీ చేయించుకుని ఆమె బయటపడేసరికి చాలా కాలం పట్టింది.

కాబట్టి ఇవాళే ఒక పని చేయండి. ఆఫీసు ఇన్‌బాక్స్‌లో "ఓటీపీ", "స్టేట్‌మెంట్", "వెల్‌కమ్", "వెరిఫై" అన్న ఇంగ్లిష్ మాటలతో ఒక్కొక్కటిగా వెతకండి. ఏయే ఖాతాలు ఈ మెయిల్‌కు ముడిపడి ఉన్నాయో కనిపిస్తాయి. ఒక్కొక్క సైట్‌లోకి వెళ్లి సొంత మెయిల్‌కు మార్చుకోండి. బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్ ముందు. మిగతావి తర్వాత.

ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, అప్రైజల్ లెటర్లు, ఫారం 16, బీమా కార్డు, ఇవి మీ గురించిన కాగితాలు. వీటిని హెచ్‌ఆర్ పోర్టల్ నుంచి దింపుకుని దాచుకోవడంలో తప్పు లేదు. ఆలస్యం మాత్రం చేయకండి, పోర్టల్ కూడా మూసేస్తారు. ఆర్థిక సంవత్సరం అయ్యాక ఫారం 16 సాధారణంగా జూన్‌లో వస్తుంది. అప్పటికి మీరు అక్కడ ఉండరు కాబట్టి వెళ్లేముందు హెచ్‌ఆర్‌కు మీ సొంత మెయిల్ అడ్రస్ రాసివ్వండి.

ఒకవేళ మెయిల్లో వచ్చిన మోసపు లింక్ నొక్కేస్తే

క్లుప్తంగా చెబుతాను కానీ ముఖ్యం. నొక్కామని తెలిసిన నిమిషంలోనే ఐటీకి ఫోన్ చేయండి. కంపెనీ ఖాతాలు చేజిక్కించుకుని బ్యాంకు వివరాలు మార్చామని మెయిల్ పంపి డబ్బు కాజేసే మోసాల్లో ఒక్క 2023లోనే దాదాపు 290 కోట్ల డాలర్ల నష్టం జరిగిందని అమెరికా ఎఫ్‌బీఐకి వచ్చిన ఫిర్యాదులు చెబుతున్నాయి. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనను గుర్తించిన 6 గంటల్లో కంపెనీ ఆ సంస్థకు తెలియజేయాలి. మీరు భయపడి సాయంత్రం దాకా దాచిపెడితే దొంగకు ఆ టైమంతా ఇచ్చినట్టే. నొక్కానని వెంటనే చెప్పినందుకు ఎవరినీ తీసేయగా నేను చూడలేదు.

ఇప్పుడు మీరేం చేయాలి?

హెచ్‌ఆర్ హెచ్చరికకు రెండు లైన్లలో జవాబివ్వండి. వాదన వద్దు, పేజీల కొద్దీ క్షమాపణ వద్దు. "డిస్ట్రిబ్యూషన్ లిస్టును సొంత విషయానికి వాడకూడదని నాకు తెలియదు. ఇకపై జరగదు. మెయిల్ వాడకం పాలసీ కాపీ ఒకటి పంపగలరు." అంతే. పాలసీ కాపీ అడగడం మరచిపోకండి. చేరిన రోజున ఇరవై కాగితాల మధ్య సంతకం పెట్టించుకున్న దాన్ని ఎవరూ చదవరు, మళ్లీ చూపించడం కంపెనీ బాధ్యత. అందులో నిఘా గురించి, వ్యక్తిగత వినియోగం గురించి, వెళ్లిపోయాక మెయిల్‌బాక్స్ ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు అన్నదాని గురించి ఏముందో చూడండి. లేకపోతే అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పటికే కోడ్‌గానీ టెంప్లేట్లుగానీ జీమెయిల్‌కు పంపుకుని ఉంటే, గుట్టుగా డిలీట్ చేసి ఊరుకోకండి. లాగ్‌లో పంపినట్టు ఉంటుంది, డిలీట్ చేసినట్టు ఉండదు. రిజైన్ చేయకముందే మేనేజర్‌కు చెప్పి, ఐటీవాళ్ల ఎదుట తీసేయించి, తీసేసినట్టు ఒక మెయిల్ రాయించుకోండి. తానుగా వచ్చి చెప్పినవాళ్ల విషయంలో కంపెనీలు చాలావరకు మెత్తగానే ఉంటాయి. దొరికిపోయినవాళ్ల విషయంలో ఉండవు.

కొత్త ఇంటర్వ్యూలో మీ పని చూపించాలంటే పాత కోడ్ అవసరం లేదు. ఏ సమస్య వచ్చింది, ఎలా ఆలోచించారు, ఎంత వేగం పెరిగింది అన్నది క్లయింట్ పేరు చెప్పకుండా మీ మాటల్లో చెప్పండి. మంచి ఇంటర్వ్యూయర్ అడిగేది అదే. పాత కంపెనీ ఫైలు తెరిచి చూపించే అభ్యర్థిని నేనైతే తీసుకోను, రేపు మా ఫైలు కూడా ఇంకోచోట తెరుస్తాడు కాబట్టి. ఆ నేర్పుతోనే సొంత ల్యాప్‌టాప్‌లో, సొంత సమయంలో ఒక చిన్న ప్రాజెక్ట్ మొదటినుంచి కొత్తగా రాసుకోవచ్చు. ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి పనుల మీద నిబంధన ఏముందో చూసుకోండి. కొన్ని కంపెనీలు దానికీ రాతపూర్వక అనుమతి అడుగుతాయి.

చివరి రోజు వీడ్కోలు మెయిల్ మీతో కలిసి పనిచేసిన వాళ్లకే పంపండి, ఫ్లోర్ లిస్టుకు వద్దు. అందులో మీ సొంత నంబర్ ఇవ్వొచ్చు. క్లయింట్లకు పంపేదాంట్లో, ఆటో రిప్లైలో మాత్రం మీ జీమెయిల్ పెట్టకండి, మీ తర్వాత ఆ పని చూసే వాళ్ల పేరు, మెయిల్ పెట్టండి. పాలసీ కాపీ వచ్చాక అందులో ఏ లైనైనా అర్థం కాకపోతే కంపెనీ పేరు తీసేసి ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.